అంబాసిడర్‌కి అభ్యంగనం

రిటైరయ్యాక మావారు చేసిన మొదటి ఘనకార్యం, మా మావగారి నాటి అంబాసిడర్‌కి తలంటు పోయడం. తలకి కాదు లెండి, పొట్టకి! షెడ్డు నుంచి వాడేసిన ఇంజనాయిలు తెచ్చి, కారు కిందకి దూరి, పెంటపాడు చేలగట్ల బురద మీదే పూసేశారు. "ఇక పదేళ్ళదాకా తుప్పన్న మాట ఉండదోయ్!" అన్నారు.

వానలు వెళ్ళాక తాడేపల్లిగూడెం వెళ్తుంటే నా కాలికింద పట్టా మెత్తగా దిగింది. ఎత్తి చూద్దును కదా, కన్నం! కింద రోడ్డు పరుగెడుతోంది. ఒళ్ళో మనవరాలు.

ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు. వచ్చాక కత్తిపీట తెచ్చి ఎదురుగా పెట్టాను.

"నలభై ఏళ్ళయింది, తుప్పుందేమో చూడండి. కడుగుతాను, తుడుస్తాను, ఆరాకే నూనె రాస్తాను. తడిమీద రాస్తే తుప్పు ఆ నూనె కిందే కాపురం పెడుతుంది."

కన్నానికి వెల్డింగువాడు రేకు అతికాడు. మిగతాది పెరట్లోనే. జాకీని నమ్మి కిందకి దూరనివ్వలేదు, స్టాండ్లు తెప్పించాను. బురద గీకి, కడిగి, రెండెండలు ఎండనిచ్చి, వైరు బ్రష్షుతో తుప్పు రాల్చి, థిన్నరుతో తుడిచి, ఆ పూటే రెడాక్సైడు. అది ఆరాక నల్ల తారు పెయింటు. తలుపుల అడుగున నీళ్ళు పోయే కన్నాలు పూడకుండా నేనే అగ్గిపుల్లలు గుచ్చాను.

మర్నాడు మావారు ముచ్చటపడి కత్తిపీటకి తానే నూనె రాశారు. మిగిలిపోయిన ఇంజనాయిలు!

ఆ పూట మాకు పచ్చడి మెతుకులే.