వసూలైన అప్పు సాధికారత కాదు

సూక్ష్మరుణాలు పేద మహిళలను వ్యాపారంలో నిలబెడతాయని చాలాకాలంగా వింటున్నాం. 2006లో మహమ్మద్ యూనస్‌కూ, బంగ్లాదేశ్ గ్రామీణ బ్యాంకుకూ కలిపి నోబెల్ శాంతి బహుమతి వచ్చాక ఈ మాటకు ఎదురు చెప్పేవాళ్లు తగ్గారు. రుజువు అడిగితే రెండు చూపేవారు. ఒకటి, దాదాపు అందరూ బాకీ తీరుస్తున్నారనే లెక్క. రెండోది, గేదె కొనుక్కుని బాగుపడ్డ ఒక మహిళ కథ, ఫోటోతో సహా.

నేను రక్షణశాఖ లెక్కల విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. పెట్రోలు బిల్లు జతచేసి బూట్లు కొన్నామంటే అక్కడ పాసు చెయ్యరు. బాకీ తీరిందన్న కాగితం బాకీ తీరిందనే చెబుతుంది. ఆ డబ్బు వ్యాపారంలోంచి వచ్చిందా, కూలిలోంచి వచ్చిందా, చెవికమ్మలు తాకట్టు పెడితే వచ్చిందా అనేది చెప్పదు.

2009లో సికిందరాబాదులో మా వీధిలో ఇడ్లీ బండి నడిపే ఒకావిడ పాసుపుస్తకం తెచ్చి, "సార్, వడ్డీ ఎంత పడుతుందో చూసి చెప్పండి" అంది. 10,000 రూపాయల అప్పు. వారానికి 230 చొప్పున 50 వాయిదాలు, మొత్తం 11,500. కంపెనీ మనిషి "పదిహేను శాతమే" అన్నాడట. కానీ మొదటి వారం నుంచే అసలు తగ్గుతూ వస్తుంది కదా! ఏడాది మొత్తం మీద సగటున ఆమె దగ్గర ఉండేది సగం సొమ్మే. తగ్గే అసలు మీద కడితే వడ్డీ ఏడాదికి 29 శాతం తేలింది.

"బండికి ఎంత పెట్టావమ్మా?" అని అడిగాను.

"బండి పాతదే సార్. ఇది మా ఆయన చీటీ బాకీకి పోయింది."

ఒక వారం ఆమె కట్టలేకపోతే గ్రూపులో మిగతావాళ్లు తలాకాస్త వేసుకుని కట్టారట. కంపెనీ పుస్తకాల్లో మాత్రం వసూలు నూటికి నూరు.

ఈ ఒక్కామె మాటతోనే తీర్పు చెబితే గేదె కథ చెప్పేవాళ్లకూ నాకూ తేడా ఉండదు. తాయెత్తు కట్టుకుంటే జ్వరం తగ్గిందన్నవాణ్ణి మనం ఏమడుగుతాం? కట్టుకోనివాళ్లకు తగ్గలేదా అని. ఆ ప్రశ్న వేసిన పరీక్ష మన హైదరాబాదులోనే జరిగింది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ దుఫ్లో, మరో ఇద్దరు కలిసి 104 బస్తీలు ఎంచుకున్నారు. అందులో లాటరీ పద్ధతిన ఎంపికైన సగం బస్తీల్లో ముందుగా ఒక సూక్ష్మరుణ సంస్థ శాఖలు తెరిచింది. ఫలితాలు 2015లో అచ్చయ్యాయి. అప్పటికే వ్యాపారం ఉన్నవాళ్లు అందులో కొంత ఎక్కువ పెట్టుబడి పెట్టారు. కొందరు ఇంటికి మన్నికైన వస్తువులు కొనుక్కున్నారు. కానీ ఇంట్లో ఆడవాళ్ల మాట చెల్లుబాటులో, పిల్లల చదువులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. బోస్నియా, మెక్సికో, మొరాకో, మంగోలియా, ఇథియోపియాల్లో జరిగిన పరీక్షల్లోనూ బతుకులు మారిపోయాయన్న దాఖలా దొరకలేదు.

కలకత్తాలో జరిగిన ఇంకో పరీక్ష ఫలితాలు 2013లో వచ్చాయి. కొందరికి మొదటి వాయిదా రెండు వారాలకే మొదలైంది, కొందరికి రెండు నెలలు గడువిచ్చారు. గడువు దొరికినవాళ్లు వ్యాపారంలో ఎక్కువ పెట్టారు. మూడేళ్ల తర్వాత వాళ్ల లాభాలూ ఎక్కువే. అయితే వాళ్లలో బాకీ ఎగ్గొట్టినవాళ్లూ పెరిగారు. అంటే వసూళ్లను నిలబెట్టే, వెంటనే మొదలయ్యే వాయిదాయే వ్యాపారాన్ని ఎదగనివ్వడం లేదు!

ఆత్మహత్యల వార్తల తర్వాత 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. 2022లో రిజర్వు బ్యాంకు వడ్డీ మీద పరిమితి ఎత్తేసింది గాని, వాయిదాలన్నీ కలిపి కుటుంబ నెలసరి ఆదాయంలో సగం దాటకూడదని, ఏడాదికి అసలు ఖర్చెంతో కాగితం మీద చూపాలని నియమం పెట్టింది. ఆ ఇడ్లీ బండి ఆవిడ అడిగింది ఈ కాగితమే.

సూక్ష్మరుణాలు వద్దని నేననడం లేదు. అవి లేకపోతే ఆమె రోజువడ్డీవాడి దగ్గరికి పోతుంది. ఆసుపత్రికో, స్కూలు ఫీజుకో అప్పు దొరకడం మేలే. కాకపోతే అప్పును అప్పనే పిలవాలి. ఈసారి ఎవరైనా వసూళ్ల శాతం చూపితే మూడు ప్రశ్నలు అడగండి. వ్యాపారంలో మిగిలిందెంత? ఆ డబ్బు మీద పెత్తనం ఎవరిది? అప్పు తీసుకోని పక్కింటావిడ ఎలా ఉంది?