శ్లాబు తాగిన నీళ్ళు

చెన్నైలో నేను చేసే పని గురించి వెలిగండ్లలో మా నాయనకి చెప్పడం ఇప్పటికీ నాకు సరిగ్గా రాదు. మొదటిసారి "కాంక్రీటు మీద రీసెర్చి" అన్నాను. ముప్పై ఏళ్ళు బేల్దారి పని చేసిన మనిషి నవ్వి, "దాంట్లో చదివేదానికి ఏముందిరా?" అన్నాడు.

నేను పనిచేసేది అల్ట్రా హై పెర్ఫార్మెన్స్ కాంక్రీటు మీద. ఇళ్ళకి వాడే ఎం20 కాంక్రీటు చదరపు మిల్లీమీటరుకి 20 న్యూటన్ల ఒత్తిడి తట్టుకుంటే, ఇది 120 దాటుతుంది. సాధారణంగా కంకర ఉండదు. సిమెంటు, సన్నటి ఇసుక, సిమెంటు కన్నా మెత్తటి సిలికా ఫ్యూమ్, వెంట్రుకల్లాంటి ఉక్కు తీగ ముక్కలు ఉంటాయి. నీళ్ళు సిమెంటు బరువులో ఐదో వంతు దగ్గరే. కలిపేటప్పుడు ఎక్కువైన నీరు తర్వాత సన్నటి దారులు వదిలిపోతుంది. ఆ దారుల్లోంచే ఉప్పూ గాలీ లోపలికెళ్ళి కమ్మీని తుప్పు పట్టిస్తాయి. ఇందులో ఆ దారులు దాదాపు ఉండవు. 1997లోనే కెనడాలోని షెర్‌బ్రూక్‌లో ఈ రకం కాంక్రీటుతో కాలినడక వంతెన కట్టారు.

పోయిన వేసవిలో ఇంటికెళ్ళినప్పుడు వంటింటి శ్లాబు పెచ్చు ఊడి పడింది. అమ్మ అప్పుడే పొయ్యి దగ్గర్నించి లేచింది. పైన ఎర్రగా ఉబ్బిన కమ్మీ కనిపిస్తోంది.

"ఏ నీళ్ళతో పోశారు నాయనా?" అన్నాను. ఆయన మాట్లాడలేదు. అమ్మ చెప్పింది. శ్లాబు పోసింది 2003లో, కరువు కాలం. మాలు బోరులోని ఉప్పునీళ్ళతో కలిపారు. జారుడుగా ఉంటే పని తేలికని ఇంకాస్త పోశారు. పైన మళ్ళు కట్టి నీళ్ళు నిలిపారు. నాలుగోరోజుకి బోరు ఆగిపోయింది. ట్యాంకరు నీళ్ళు రెండు బిందెలు పట్టుకుని నాయన మెట్లెక్కుతుంటే అమ్మ అడ్డం నిలబడింది.

"పిల్లోడు తాగాల్నా, శ్లాబు తాగాల్నా?"

ఆ పిల్లోణ్ణి నేనే.

ఐ.ఎస్. 456 ప్రమాణం ప్రకారం మామూలు సిమెంటు కాంక్రీటుని కనీసం 7 రోజులు తడపాలి. కమ్మీ ఉన్న కాంక్రీటుకి వాడే నీళ్ళలో క్లోరైడు లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదు. మా శ్లాబుకి కలిపేటప్పుడు నీళ్ళు ఎక్కువ, పోశాక తక్కువ. తప్పు ఎవరిదని రాయను?

నేను చదివే కాంక్రీటు మా ఇంటికి జవాబు కాదు. ఖరీదు ఒకటే కాదు, ఘనమీటరుకి 800 కిలోల దాకా సిమెంటు పడుతుంది. సిమెంటు తయారీ అంటే బోలెడు కార్బన్. పలచగా కట్టి, దశాబ్దాలు నిలిపితేనే ఆ లెక్క సరిపోతుంది. వంతెనలకి, సముద్రపు ఒడ్డు కట్టడాలకి సరే. వెలిగండ్ల ఇంటికి ముందు కావాల్సింది మంచి నీళ్ళు, అవి కొలిచి పోసే చెయ్యి.

వదులైన పెచ్చులన్నీ రాల్చి, తుప్పు గీకి, మాలు కలపబోయాం. బోరు నీళ్ళు వద్దన్నాను. మేం తాగేది కొన్న క్యాన్ నీళ్ళు. నాయన ఆ క్యాన్ వైపు చూసి ఆగిపోయాడు. అమ్మే దాన్ని ఎత్తుకొచ్చి నా ముందు పెట్టింది.

"కొలిచి పోయి," అంది.

పాత మాలులో ఉప్పు ఇంకా అక్కడే ఉంది, ఈ అతుకు ఎంతకాలమో చెప్పలేను. వారం రోజులు మాత్రం పూటపూటా తడిపాం.