దాచుకొన్న గొంతులు

పుస్తకాలు సేకరించేవారిని లోకం పండితులంటుంది. నాణేలు, తపాలా బిళ్ళలు సేకరించేవారిని అభిరుచి గలవారంటుంది. ప్రసిద్ధ రాక్ సంగీతకారుల సంభాషణలున్న టేపులను సేకరించే మావంటివారిని ఏమనాలో మాత్రం దానికి తోచదు. “పాట ఉండగా మాట వినడమేమిటి?” అని మిత్రులు నవ్వుతారు. తెలుగు బోధించేవారికి ఇంగ్లండు గాయకులతో పనేమిటని పెద్దలు అడుగుతారు. ఆ రెండు ప్రశ్నలకూ సమాధానమే ఈ నాలుగు మాటలు.

పాట పదిసార్లు దిద్ది, మెరుగుపెట్టి వెలువరించేది. సంభాషణ అట్లా కాదు. అందులో తడబాటు ఉంటుంది, నిట్టూర్పు ఉంటుంది, జవాబుకు ముందు మౌనముంటుంది. అచ్చులోకి ఇవేవీ రావు. బీటిల్స్ బృందానికి చెందిన జాన్ లెనన్ ఉదంతమే ఇందుకు నిదర్శనం. క్రైస్తవ మతాన్ని గూర్చి ఆయన అన్న మాట 1966 మార్చిలో ఒక లండను పత్రికలో అచ్చయినప్పుడు అక్కడ పెద్దగా అలజడి లేదు. కొన్ని నెలలకు అదే మాట ఒక అమెరికా పత్రికలో మళ్ళీ అచ్చు కాగానే, ఆ దేశపు దక్షిణ రాష్ట్రాలలో బీటిల్స్ రికార్డులను కుప్పపోసి తగులబెట్టారు. ఆగస్టు 11న చికాగోలో విలేకరుల ఎదుట ఆయన ఇచ్చిన వివరణ రికార్డయి మిగిలింది. అచ్చులో అహంకారిగా తోచిన మనిషి, ఆ రికార్డులో మాటలకై వెదకుకొనే యువకుడుగా వినిపిస్తాడు. ఆయన అన్నది ఒప్పో తప్పో ఎవరి తీర్పు వారిది. తీర్పునకు ముందు గొంతు వినడం న్యాయమని మాత్రం మేము ఆ రికార్డు వలన నేర్చుకొన్నాము.

ఈ సేకరణలో “అపురూపం” అనే మాటను వెంటనే నమ్మరాదు. ఒకే సంభాషణ వేరువేరు అట్టలతో, వేరువేరు పేర్లతో అమ్ముడుపోతుంది. ఎవరు అడిగారు, ఎక్కడ, ఏ సంవత్సరం అనే మూడు ప్రశ్నలకు జవాబు దొరికేదాకా అది వట్టి శబ్దమే. నకలుకు నకలు తీసినకొద్దీ గొంతు మసకబారి బుసబుస పెరుగుతుంది. తేమ తగిలిన పాత టేపు జిగురెక్కి యంత్రానికి అంటుకొంటుంది.

ఒకసారి హైదరాబాదులో ఆబిడ్స్ ఆదివారపు బజారున లెనన్ పేరు అతికించిన క్యాసెట్టు కొన్నాము. ఇంటికి వచ్చి వింటే అందులో లెనన్ లేడు. ఎవరో ముసలమ్మ గల్ఫు దేశంలో ఉన్న కుమారునికి దక్కనీ ఉర్దూలో చెప్పుకొన్న క్షేమసమాచారం ఉన్నది. మేక ఈనిందట, బావిలో నీరు తగ్గిందట, చెల్లెలికి సంబంధం కుదిరిందట. చివర కొంతసేపు మాట లేదు, ఊపిరి మాత్రమే. ఆ కుమారుడు దానిని విన్నాడో లేదో తెలియదు. మా సేకరణలో నిజంగా అపురూపమైనది అదే. లెనన్ గొంతుకు నకళ్ళు వేలు. ఆ తల్లి గొంతుకు మరొకటి ఉంటుందని మేము అనుకోము.

గొంతులను భద్రపరచడం పెద్ద సంస్థల పని మాత్రమే కాదు. రికార్డు కంపెనీ అధిపతి జో స్మిత్ సంగీతకారులతో జరిపిన రెండువందలకు పైగా సంభాషణలు 2012లో అమెరికా కాంగ్రెసు గ్రంథాలయానికి చేరాయి. అది ఘనమైన పని. కాని 1970 జనవరిలో డెన్మార్కులో నలుగురు పాఠశాల విద్యార్థులు తమ బడి పత్రిక కోసం లెనన్, యోకో ఓనో దంపతులతో మాట్లాడి క్యాసెట్టులో నింపుకొన్నారు. ఆ 33 నిమిషాల క్యాసెట్టు 2021లో కోపెన్‌హాగెన్ వేలంలో 3,70,000 క్రోనర్లు పలికింది. ధర సంగతి అటుంచండి. బడి పిల్లలు అడిగారు, ఆయన చెప్పాడు, వారు దాచారు.

ప్రియ విద్యార్థులారా! నేడు మీ ప్రతి ఒక్కరి జేబులోనూ రికార్డు చేసే యంత్రమున్నది. మీ నానమ్మ, మీ తాతయ్య, మీ వీధిలోని వృద్ధ దర్జీ చెప్పే మాటలను ఈ సెలవులలో నింపుకొని రండి. పేరు, ఊరు, తేదీ మరువక వ్రాయండి. కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం ఒక్కటే: గ్రంథాలయంలో పుస్తకాల బీరువాల నడుమ గొంతులకు కూడా ఒక అర కేటాయించండి. పుస్తకాన్ని మళ్ళీ అచ్చువేయవచ్చు. ఆగిపోయిన గొంతును మళ్ళీ పలికించలేము.