వృకోదరుడు

నిరుడు చలికాలంలో ఉబ్బసం ముదిరి, వైద్యుని సలహాపై కొన్నాళ్ళు స్టెరాయిడు మాత్రలు వాడవలసివచ్చింది. ఆయాసం తగ్గింది కానీ, దాని స్థానంలో ఆకలి వచ్చి కూర్చున్నది. మితభోజినని పదిమందిలో చెప్పుకొని మురిసిన మనిషిని నేను. అటువంటివాడిని ఒక అర్ధరాత్రి దీపమైనా వేయకుండా వంటింట్లో సున్నుండలు ఒకదాని తరువాత ఒకటి తింటూ మా ఆవిడకు పట్టుబడ్డాను. "అడిగితే నేనే పెడతాను కదండీ, చీకట్లో ఎందుకూ?" అన్నది. ఆ మాటతో ఎన్నడో మరచిన ఒక పసిముఖం నా కళ్ళముందు నిలిచింది.

1989లో ఎనిమిదవ తరగతికి బకాసురవధ చెబుతున్నాను. వెనుక బెంచీలో స్థూలకాయుడైన పిల్లవాడొకడు బల్లచాటున క్యారియరు విప్పి పులిహోర తింటున్నాడు. "ఒరేయ్ బకాసురా! బండెడన్నం చాలలేదురా?" అన్నాను. తరగతి గొల్లున నవ్వింది. ఆ పేరు వాడికి అట్లాగే ఉండిపోయింది. తరువాత వాడు మధ్యాహ్నం బడిలో అన్నం తినడమే మానివేశాడు. నేను గమనించాను, నిగ్రహం అలవడిందని సంతోషించాను కూడా!

మాత్రల గడువు ముగిసిన కొద్దిరోజులకే నా ఆకలి ఎప్పటి దారికి వచ్చింది. అంటే ఇన్నేళ్ళూ నిగ్రహమని నేను పేరుపెట్టుకున్నదంతా నా ఘనత కాదన్నమాట. వైద్యవిద్య చదివిన మా అమ్మాయిని అడిగి, ఆమె ఇచ్చినవి చదివి కొంత తెలుసుకున్నాను.

ఆకలిని జఠరాగ్ని అని చదువుకున్నవాళ్ళం మనం. ఆ అగ్నిని ఎగదోసేదీ, ఆర్పేదీ మాత్రం తలలో ఉన్నది. మెదడు అడుగున ఉండే ఆ చిన్న భాగం పేరు హైపోథాలమస్. దాని పార్శ్వాన కొంతమేర నశింపజేస్తే ఎలుకలు ఆహారం ముట్టక కృశిస్తాయని 1951లో బ్రోబెక్‌తో కలిసి చూపినవాడు మన దేశీయుడే, బాల్ కృష్ణ ఆనంద్.

ఆ ఏలికకు కబుర్లు మోసే వేగులు నెత్తుటిలో తిరుగుతుంటాయి. ఖాళీ కడుపు నుండి బయలుదేరే గ్రెలిన్ "తినుము" అంటుంది. దీనిని 1999లో జపానువారు కనుగొన్నారు. కొవ్వు నుండి వచ్చే లెప్టిన్ "నిల్వలున్నవి, చాలు" అంటుంది. ఇది 1994లో అమెరికాలో ఫ్రీడ్‌మన్ బృందానికి దొరికింది. 'సన్నని' అనే గ్రీకు పదం ఆ పేరుకు మూలం.

ఆ "చాలు" అనే కబురు అందకపోతే? ఇంగ్లండులో ఎనిమిదేళ్ళకే 86 కిలోలున్న ఒక బాలికకు జన్యులోపం వలన లెప్టిన్ పుట్టడం లేదని 1997లో తేలింది. ఎంత తిన్నా ఆ బిడ్డకు ఆకలే. తరువాత సూదిమందుగా లెప్టిన్ ఇస్తే ఏడాదిలో 16 కిలోలు తగ్గింది. ఆమెను మార్చినది ఉపదేశమూ కాదు, అవహేళనా కాదు. లోపించిన ఒక రసాయనం మాత్రమే.

అటువంటి లోపం అత్యంత అరుదు. నా శిష్యునికి అదే ఉన్నదని అనను. కానీ ఆకలి అందరికీ ఒకే కొలతతో పుట్టదని, అది గుణదోషం కాదని ఆనాడు నాకు తోచలేదు.

తోచకపోవడానికి పుస్తకంలో లేక కాదు. ఏకచక్రపురంలో పాండవులు తెచ్చిన భిక్షను కుంతి రెండు పాళ్ళు చేసి, ఒక పాలు భీముడొక్కడికే పెట్టేది. "నీకింత ఆకలేమిరా?" అని ఆ తల్లి ఎన్నడూ అడిగినట్లు లేదు. తోడేలు కడుపువాడు అని అర్థమిచ్చే వృకోదర నామం ఆ వీరునికి బిరుదై నిలిచింది. ఆ కథలో ఇద్దరు తిండిపుష్టిగలవారున్నారు. పిల్లవాడికి పేరు పెట్టవలసివచ్చినప్పుడు పండితుడనైన నాకు రాక్షసుడే గుర్తుకువచ్చాడు!

వాడికిప్పుడు యాభై ఏళ్ళుంటాయి. ఎక్కడైనా కనబడితే ముందు ఇంటికి పిలిచి కడుపునిండా అన్నం పెట్టిస్తాను. క్షమాపణ ఆ తరువాత.