సుర్మాదానీలో సీసం

ధర్మపురిలో పిల్లల వైద్యం చేసేవాళ్లకు పాలిపోయిన ముఖాలు కొత్త కాదు. 2019-20లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 70 మందికి రక్తహీనత ఉంది. మా ఊరి పిల్లల్లోనూ, రాయపట్నం వంతెన దాటి లక్షెట్టిపేట వైపు నుంచి వచ్చే పిల్లల్లోనూ ఆ లెక్క రోజూ కనిపిస్తుంది. కింది రెప్ప లాగి చూస్తాం. తెల్లగా ఉంటే ఐరన్ సిరప్ రాస్తాం, నులిపురుగుల మందు ఇస్తాం, ఆకుకూర, గుడ్డు పెట్టమంటాం. చాలామంది రెండు మూడు నెలల్లో తేరుకుంటారు. కొందరు తేరుకోరు. ఆ కొందరి విషయంలో అడగవలసిన ప్రశ్న ఒకటుంది. దాన్ని నాకు నేర్పింది ఒక ముస్లిం కుటుంబం.

పాపకు రెండున్నరేళ్లు. తల్లి ఇంట్లో బీడీలు చుడుతుంది. తండ్రి సౌదీలోని దమ్మామ్‌లో పని. మా జగిత్యాల జిల్లాలో సగం కథలు ఇలాగే మొదలవుతాయి. పాపకు ఆకలి లేదు, నాలుగు రోజులకోసారి గాని విరేచనం కాదు, కడుపు పట్టుకుని ఏడుస్తుంది, సందు దొరికితే మట్టి తింటుంది. నెలల తరబడి ఐరన్ తాగుతున్నా హిమోగ్లోబిన్ కదలడం లేదు. రెప్ప లాగి చూసినప్పుడు వెంట్రుకల లోపలి అంచున నల్లటి గీత కనిపించింది. కాటుక నలుపు మసక మసకగా ఉంటుంది. ఇది అలా కాదు, లోహంలా కొద్దిగా మెరుస్తోంది.

"ఏం పెడుతున్నరమ్మా?"

"సుర్మా సార్. మా అత్త పెడుతది. ఛట్టీ నాటి నుంచి పెడుతున్నం."

అంటే పుట్టిన ఆరో రోజు నుంచి. పక్కనే కూర్చున్న దాదీ నా ముఖం చూసి వెంటనే అందుకుంది. "కండ్లకు ఏం కాలే బేటా. చూడు, ఎంత మంచిగున్నయో."

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. ఎరుపు లేదు, పుసి లేదు, నీళ్లు కారడం లేదు. ఆ పాప కళ్లు నిజంగానే చక్కగా ఉన్నాయి. సుర్మా విషయంలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. పెట్టేది కంట్లో కాబట్టి హాని ఉంటే కంట్లోనే కనపడాలని అందరూ అనుకుంటారు. కన్ను బాగుంటే సుర్మా మీద నమ్మకం పెరుగుతుంది. 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో మొదలై ఊరూరికీ వచ్చిన ప్రభుత్వ కంటి వెలుగు శిబిరాల్లో చూపు చూశారు, అద్దాలిచ్చారు, శుక్లాలున్న వాళ్లను గుర్తించారు. ఈ పాపను అలాంటి శిబిరానికే తీసుకెళ్లినా కళ్లు బాగున్నాయనే చెప్పి పంపేవారు. వెతకవలసిన చోటు రక్తం.

సంప్రదాయంగా సుర్మా ఒక రాయి. దాన్ని కల్వంలో వేసి, కొన్నిచోట్ల గులాబీ నీళ్లు పోస్తూ, రోజుల తరబడి నూరితే మెత్తటి పొడి అవుతుంది. ఈనాడు బజార్లో దొరికే రాతి సుర్మాలో ఎక్కువ భాగం గెలీనా, అంటే సీసం, గంధకం కలిసిన ఖనిజం. స్వచ్ఛమైన గెలీనా బరువులో 86 శాతం సీసమే. సలాయి అనే సన్నటి పుల్లతో రెప్పల మధ్య గీసిన పొడి అక్కడే ఆగదు. కన్నీటితో కలిసి కంటి మూలలోని సన్నటి నాళం గుండా ముక్కులోకి, అక్కడి నుంచి గొంతులోకి, కడుపులోకి వెళుతుంది. పిల్లలు కళ్లు నులుముకుంటారు, ఆ వేళ్లే నోట్లో పెట్టుకుంటారు. ఈ రాయి నీళ్లలో కరగదు కాబట్టి భయం లేదనే వాదన విన్నాను. నీళ్లలో కరగనిది కడుపులోని ఆమ్లంలో కొంత కరుగుతుంది. ఎంత మెత్తగా నూరితే అంత తేలిగ్గా కరుగుతుంది. మంచి సుర్మా అంటే బాగా మెత్తగా ఉండాలని మనవాళ్లు ఏరి కొంటారు, అది గుర్తుంచుకోవాలి.

మింగిన సీసంలో పెద్దవాళ్ల శరీరం పదో వంతు దాకా పీల్చుకుంటుంది. చిన్నపిల్లల్లో అది సగం దాకా ఉండవచ్చు. ఇనుము తక్కువైన పేగు సీసాన్ని ఇంకా ఎక్కువ లోపలికి తీసుకుంటుంది. లోపలికి వెళ్లిన సీసం హిమోగ్లోబిన్ తయారీకి అడ్డుపడుతుంది. అంటే రక్తహీనత సీసానికి తలుపు తీస్తుంది, సీసం వచ్చి ఆ రక్తహీనతను పెంచుతుంది. నూటికి డెబ్బై మంది పిల్లలు పాలిపోయి ఉన్న చోట ఇది ఎంత సులువుగా దాక్కుంటుందో వేరే చెప్పనక్కర్లేదు. మట్టి తినడం, మలబద్ధకం, కడుపునొప్పి, చిరాకు, మాటలు ఆలస్యం కావడం, ఇందులో ఏ ఒక్కటీ సీసం పేరు చెప్పదు. అన్నీ ఒకే పిల్లలో కనిపించినప్పుడైనా అనుమానించాలి.

రక్తం తీసి హైదరాబాద్‌కు పంపించాం. డెసిలీటరుకు ముప్పై మైక్రోగ్రాములకు దగ్గరగా సీసం ఉందని వచ్చింది. అయిదు దాటితే ఆ సీసం ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. అదే ఏడాది అమెరికా తన పిల్లల హద్దును మూడున్నరకు దించింది. పూర్తిగా క్షేమమనుకోదగ్గ మోతాదు అసలు లేదు. నలభై అయిదు దాటిన పిల్లలకు సీసాన్ని బయటికి లాగే మందులు ఇస్తారు. ఈ పాపకు వాటి అవసరం రాలేదు. సుర్మా ఆపడం, ఐరన్, కాల్షియం, వేళకు తిండి, చేతులు కడగడం, అదే వైద్యం. వారాలు గడిచే కొద్దీ ఆకలి పుట్టింది, నెలలు గడిచే కొద్దీ హిమోగ్లోబిన్ లేచింది, రక్తంలో సీసం సగానికి పడిపోయింది. రక్తంలో తగ్గినంత మాత్రాన ఒంట్లో లేనట్టు కాదు. సీసం ఎముకల్లో చేరి ఏళ్ల తరబడి ఉంటుంది. ఎదిగే మెదడు మీద అది చేసిన పని ఎంతో ఒక్క బిడ్డను చూసి కొలిచి చెప్పే సాధనం నా దగ్గర లేదు, ఎవరి దగ్గరా లేదు. తల్లి ఆ మాట అడిగింది. ఆపాం కాబట్టి ఇక మీద నష్టం ఆగుతుందని మాత్రం చెప్పగలిగాను.

సుర్మా మానిపించడం అంత తేలిగ్గా జరగలేదు. దమ్మామ్ నుంచి తండ్రి వీడియో కాల్‌లో మాట్లాడాడు. "అది దుకాణంల కొన్నది కాదు సార్. మా మామ ఉమ్రాకు పోయినప్పుడు మక్కా నుంచి తెచ్చిండు." ఆ గొంతులోని భక్తిని నొప్పించడం నాకిష్టం లేదు. మన నరసింహస్వామి జాతరలో అమ్మే గాజులు, బొమ్మలు ధర్మపురిలో తయారైనవి కావు కదా, ఎక్కడెక్కడి నుంచో వస్తాయి, అక్కడి దుకాణాల్లో సరుకు కూడా అంతే అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత తల్లితో "ఆపేయమను" అన్నాడు.

మసీదులోని హాఫిజ్ సాబ్‌ను కలిశాను. మతం గురించి ఆయనకు చెప్పేంత చదువు నాకు లేదు కాబట్టి అడగడానికే వెళ్లాను. హదీసుల్లో మెచ్చుకున్నది ఇస్మద్ అనే రాయిని అని ఆయన చెప్పారు. చాలామంది దాన్ని యాంటిమొనీ ఖనిజంగా గుర్తిస్తారు. ఈనాడు బజార్లో అమ్మే గెలీనా వేరే పదార్థం. యాంటిమొనీ మాత్రం పసిపిల్లల కంట్లో పెట్టదగ్గదని నేను అనను. పొడి చూసి ఏది ఏ రాయో ఇంట్లో ఎవరూ తేల్చలేరు, అసలైనదని దుకాణదారు చెప్పే మాటకు పరీక్ష లేదు. సున్నత్ మీద, అంటే ప్రవక్త చూపిన బాట మీద ప్రేమకూ బిడ్డకు హాని చేయకూడదన్న బాధ్యతకూ మధ్య గొడవ లేదని ఆయన ఒక జుమ్మా రోజు తన మాటల్లో చెప్పారు. నా పది చీటీల కంటే ఆ ఒక్క ప్రసంగం ఎక్కువ పని చేసింది.

డాక్టర్లు కొత్తగా కనిపెట్టిన భయం కాదిది. బ్రిటన్‌లో స్థిరపడిన మన ఉపఖండపు కుటుంబాల పిల్లల్లో కంటి సౌందర్య సాధనం వల్ల సీసం విషం చేరుతోందని బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 1968లోనే రాశారు. 1978లో అదే పత్రిక సుర్మాను పేరు పెట్టి చెప్పింది. 1981లో కువైట్ వైద్యులు సీసం మెదడుకెక్కిన 20 మంది పసికందుల గురించి రాశారు. అక్కడ అనుమానం కంటి సుర్మా మీదే కాక, పిల్లల్ని నిద్రపుచ్చడానికి సీసం కాల్చి వేసే పొగ మీద కూడా పడింది. మన వాళ్లు పని చేసేది ఆ గల్ఫ్ దేశాల్లోనే, సంచుల్లో అత్తరు, ఖర్జూరం, సుర్మా వచ్చేదీ అక్కడి నుంచే. కాబట్టి ఆ పాత వ్యాసం మాకు పరాయిది కాదు.

ప్రాచీన ఈజిప్టు వాళ్లు కూడా సీసపు కాటుకే పెట్టుకున్నారు, అది కంటి రోగాల నుంచి కాపాడేదని ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు చెప్పారట కదా అని చదువుకున్న కుర్రాడొకడు ఫోన్ తెరిచి చూపించాడు. నిజమే, 2010లో ఆ పరిశోధన వచ్చింది. అతి తక్కువ మోతాదు సీసపు లవణాలు కణాల్లో నైట్రిక్ ఆక్సైడ్‌ను పెంచుతాయని, దాంతో సూక్ష్మక్రిములను ఎదుర్కొనే శక్తి పెరగవచ్చని ప్రయోగశాలలో చూశారు. నైలు నది వరదల కాలంలో కళ్ల జబ్బులకు అది అక్కరకు వచ్చి ఉండవచ్చు. ఈనాడు కళ్ల జబ్బుకు చవకలోనే మంచి చుక్కల మందు ఉంది. దాని కోసం మెదడును పణం పెట్టడం ఎందుకు?

ముస్లిం ఇళ్లకే పరిమితమైన సంగతిగా దీన్ని చూడకూడదు. మోతిబిందు కరుగుతుందని ఎవరో చెబితే జాతరలో సుర్మా కొని ఏళ్ల తరబడి పెట్టుకున్న ఒక హిందూ రైతు ఆపరేషన్‌కు వచ్చేసరికి అతని ఒక కంటి శుక్లం పూర్తిగా ముదిరి గట్టిపడింది. ఏ పొడీ శుక్లాన్ని కరిగించదు. ఆముదం దీపం మీద పట్టిన ఇంటి కాటుకలో సీసం భయం ఉండదు గాని, గోరు గీసుకోవడం, మురికి వేలు, కన్నీటి నాళం మూసుకుపోవడం అందులోనూ ఉన్నాయి. 2023 వర్షాకాలంలో తెలంగాణ అంతటా కండ్లకలక ప్రబలినప్పుడు, ఇంటిల్లిపాదీ ఒకే సలాయి వాడే ఇళ్లలో అది ఒకరి నుంచి ఇంకొకరికి చకచకా పాకడం చూశాం.

అలాగే సీసమంతా సుర్మాదే కాదు. ప్రపంచంలో దాదాపు 80 కోట్ల మంది పిల్లల రక్తంలో సీసం అయిదు దాటిందని, అందులో 27 కోట్లకు పైగా మన దేశపు పిల్లలేనని యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ 2020లో అంచనా వేశాయి. పాత బ్యాటరీలు కరిగించే చోట్లు, పాత రంగులు, పసుపుకు మెరుపు రావాలని కలిపే లెడ్ క్రోమేట్, ఇవన్నీ అడిగి తెలుసుకోవాలి. సౌందర్య సాధనాల్లో రంగు కోసం సీసం వాడకూడదని మన చట్టం చెబుతోంది. పేరూ ఊరూ లేని పొట్లంలో వచ్చే పొడిని ఆ చట్టం పట్టుకోలేకపోతోంది.

గర్భిణులకు నేను మరీ గట్టిగా చెబుతాను. ఏళ్లుగా తల్లి ఎముకల్లో దాచుకున్న సీసం గర్భం సమయంలో కాల్షియంతో పాటు రక్తంలోకి వస్తుంది, మాయ దాటి బిడ్డను చేరుతుంది. కాన్పయ్యాక బిడ్డకు మానితే చాలదు, పెళ్లీడు పిల్లే మానాలి.

ఆ దాదీ నజర్, అంటే దిష్టి గురించి దిగులు పడింది. పిల్లకు ఏమీ పెట్టకుండా బయటికి ఎలా పంపాలని అడిగింది. ఇంట్లో పట్టిన కాటుకతో అరికాలిలో ఒక చుక్క, చెవి వెనక ఒక చుక్క పెట్టమన్నాను. సుర్మాదానీ మాత్రం పిల్లలకు అందకుండా పెట్టెలో పెట్టమన్నాను. అది ఆమె పెళ్లినాటిది, పారేయమనలేదు, లోపలి పొడి తీసేస్తే చాలు. ఒప్పుకుంది.

ఇప్పుడు మా దగ్గర టీకాల వివరం రాసే కాగితంలోనే ఒక వరుస చేర్చాం: కంట్లో ఏం పెడతారు, ఎక్కడ కొన్నారు, ఎప్పటి నుంచి. ఏ మతం వాళ్లనైనా ఒకే మాటతో అడుగుతాం. మొన్న ఆశా కార్యకర్తల మీటింగ్‌లో ఒకామె లేచి, "పొడి కాదు సార్, కంపెనీ కాజల్ పెన్సిల్ అయితే పెట్టొచ్చా?" అంది. పెద్దవాళ్లు లేబుల్ ఉన్నది చూసి పెట్టుకోవచ్చు, ఇంకొకరితో పంచుకోకూడదు, పసిపిల్లల కంట్లో మాత్రం ఏదీ వద్దని చెప్పాను. ఆమె నోట్‌బుక్‌లో రాసుకుని, మరి ఇప్పటికే పెట్టిన పిల్లల్ని ఏం చేయాలని అడిగింది. పాలిపోయి, మట్టి తింటూ, ఐరన్‌కు లొంగని పిల్లల్ని ముందు తీసుకురమ్మన్నాను. మరుసటి వారం ముగ్గురిని వెంటబెట్టుకు వచ్చింది.