మన మేడకి ప్లాన్ ఉందారా?

మొన్న సంక్రాంతికి నేను ఇంటికెళ్లేసరికే నాన్న ఫ్లాట్‌కి అడ్వాన్స్ ఇచ్చేశాడు. రెండు లక్షలు. నిరుడు ఏసీలో పెట్టిన తేజ మిర్చి టిక్కీలు అమ్మగా వచ్చిన డబ్బు. ఫ్లాటేమో గుంటూరులో, ఇన్నర్ రింగ్ రోడ్డుకి దగ్గర్లో, రెండో అంతస్తు. అమ్మ మోకాళ్లకి అదే మంచిదట. పైగా అదే అంతస్తులో పక్క ఫ్లాట్ కన్నా నాలుగు లక్షలు తక్కువ.

"ఎందుకు తక్కువ?" అన్నాను.

"మనం రైతులమని తగ్గించాడ్రా అబ్బాయ్."

అక్కడే నాకు డౌటొచ్చింది. మా వైపు రైతుకి రేటు తగ్గించేది మిర్చి కొనేటప్పుడే.

ముందు ఈసీ తీశాను. మన రాష్ట్రంలో 1983 నుంచి జరిగిన రిజిస్ట్రేషన్ల ఈసీ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. స్థలం చేతులు మారిన వరసంతా బానే ఉంది. నాన్న "చూశావా" అన్నట్టు మొహం పెట్టాడు. కానీ ఈసీ చెప్పేది నేల ఎవరిదన్న సంగతి. దాని మీద లేచిన బిల్డింగ్ ప్లాన్ ప్రకారం ఉందా లేదా అన్నది వేరే చోట చూడాలి. చాలామంది ఈసీ క్లియర్ అనగానే ఆగిపోతారు. నేనూ రెండేళ్ల కిందటైతే ఆగిపోయేవాణ్ణే.

బ్రోచర్ చివరి పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో పర్మిట్ నంబరుంది. ఆ నంబరు పట్టుకుని టౌన్ ప్లానింగ్ వాళ్ల డీపీఎంఎస్ పోర్టల్లోకి వెళ్లాను. ఇప్పుడు ప్లాన్లన్నీ ఆన్‌లైన్‌లోనే పెడతారు. చుట్టూ వదిలిన జాగా, ఎత్తు లాంటి కొలతల్ని డ్రాయింగ్‌లోంచి సాఫ్ట్‌వేరే చదివి, రూల్స్‌తో పోల్చి చూస్తుంది. మా ఆఫీసులో కోడ్ రివ్యూ లాగానే. తేడా ఏంటంటే, అప్రూవ్ అయ్యాక సైట్‌లో ఏం కడుతున్నారో సాఫ్ట్‌వేర్‌కి కనపడదు.

ఆర్డర్ కాపీ సంపాదించి మంచం మీద కూర్చుని లైను లైను చదివాను. స్టిల్ట్, పైన నాలుగు అంతస్తులు. అంతే. నాన్న ఫోన్‌లో తీసుకొచ్చిన ఫొటోల్లో మాత్రం నాలుగో అంతస్తు మీద ఎంచక్కా ఒక పెంట్‌హౌస్, దానికి గాజు రెయిలింగ్.

రెండో విషయం ఇంకా కింద ఉంది. 2017 బిల్డింగ్ రూల్స్ ప్రకారం అపార్ట్‌మెంట్ కట్టేవాడి దగ్గర మొత్తం బిల్టప్ ఏరియాలో 10 శాతాన్ని మున్సిపాలిటీ తాకట్టు పెట్టించుకుంటుంది. ప్లాన్ దాటకుండా కట్టి, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ తెచ్చుకుంటే అది విడిపిస్తారు. బిల్డర్ ఒళ్లు దగ్గర పెట్టుకోవడానికన్నమాట. ఆ తాకట్టు భాగం ఎక్కడుందో చూస్తే, రెండో అంతస్తు, తూర్పు వైపు. మా ఫ్లాటే.

ఇక లెక్క కలిసింది. పెంట్‌హౌస్ ఉన్నంతకాలం ఆ సర్టిఫికెట్ రావడం కష్టం. అది రాకపోతే తాకట్టు విడవదు. అందుకే బిల్డర్ "రిజిస్ట్రేషన్ మెల్లిగా చేద్దాం, ముందు అగ్రిమెంట్ రాసుకుందాం" అన్నాడట. బ్యాంకు లోన్ సంగతి సరేసరి. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు కూడా కంప్లీషన్ లేదా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూశాకే బ్యాంకులు బిల్డింగుల మీద అప్పివ్వాలని చెప్పింది.

ఇదంతా నాన్నకి చెబుతున్నప్పుడు, నిజం చెప్పొద్దూ, నా గొంతులో కొంచెం గొప్ప ఉంది. "సంతకం పెట్టేముందు ఒక్క ఫోన్ చేయొచ్చుగా" అని కూడా అన్నాను. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత పైకప్పు వైపు చూసి మెల్లిగా అడిగాడు.

"మన మేడకి ప్లాన్ ఉందారా?"

లేదు. చిలకలూరిపేటలో మా ఇంటికి కింది భాగానికే ప్లాన్ ఉంది. మేడ 2012లో వేశాం. ఆ ఏడు పత్తికి వచ్చిన డబ్బు, అమ్మ గొలుసు తాకట్టు పెట్టి తెచ్చింది కలిపి కట్టింది. మున్సిపాలిటీకి ఎవరూ వెళ్లలేదు. మా వీధిలో అప్పట్లో ఎవరు వెళ్లారు గనక! ఆ మేడ మీద రెండు పోర్షన్ల అద్దెతోనే నా ఇంజినీరింగ్ ఫీజు కట్టారు.

2019లో బీపీఎస్ వచ్చింది. 1985 జనవరి 1 నుంచి 2018 ఆగస్టు 31 మధ్య ప్లాన్ లేకుండానో, ప్లాన్ దాటో కట్టినవాటికి జరిమానా కట్టి క్రమబద్ధం చేసుకునే వీలు. అప్పుడు నాకు ఉద్యోగం కొత్త. నాన్న ఫోన్ చేసి ఆ పేపర్ కటింగ్ గురించి అడిగితే "మీటింగ్‌లో ఉన్నా, తర్వాత చూస్తా" అన్నాను. ఆ తర్వాత అన్నది రాలేదు. ఒక ఫోన్ చేయొచ్చుగా అని నేను నాన్నని అన్నాను కదా, ఆయన చేసే ఉన్నాడు.

అడ్వాన్స్‌లో లక్షన్నర వెనక్కొచ్చింది, అదీ పెదనాన్న మధ్యలో కూర్చుంటే. మిగతాది వచ్చే నెల అంటున్నారు.

బీరువాలోంచి నాన్న పాత ప్లాన్ తీశాడు. నీలం కాగితం, మడతల దగ్గర చిరిగిపోయి ఉంది. టేపు అంటించి ఫోన్‌తో స్కాన్ చేశాను. కొలతలు తీయడానికి ఆదివారం లైసెన్స్‌డ్ ఇంజినీర్ వస్తున్నాడు. ఫీజు ఎంతో చెప్పాను.

"ఎన్ని టిక్కీలవుతాయో చూడు" అని, నాన్న యార్డు రేటు కోసం ఎవరికో ఫోన్ కలిపాడు.