మానుకోట నుంచి భూపాలపల్లి దాకా: ఒక మంట, రెండు పంటలు

ఖమ్మం దాటాక గోల్కొండ ఎక్స్‌ప్రెస్ కిటికీలో నేల రంగే మారిపోయింది. మా గుంటూరు వైపు నల్లరేగడి. ఇక్కడ ఎర్ర చెలకలు, మధ్యమధ్య బండరాళ్లు, చేలల్లో పత్తి ఏరుతున్న ఆడవాళ్లు. సంక్రాంతి దగ్గరపడుతోంది కాబట్టి పెట్టెలో అందరి చేతుల్లోనూ బట్టల సంచులే. నా ఒళ్లో మాత్రం నోటు పుస్తకం. గుళ్లూ జలపాతాలూ చూడ్డానికి కాదు, మంటలు చూడ్డానికి బయల్దేరాను.

ఒకే మంట నుంచి కరెంటూ వేడీ రెండూ రాబట్టే పద్ధతిని కోజనరేషన్ అంటారు. చక్కెర మిల్లులున్న ఊళ్లలో ఈ మాట కొత్తేమీ కాదు. చెరకు పిప్పి కాల్చి ఆవిరి తీస్తారు, ఆ ఆవిరితో ముందు టర్బైన్ తిప్పుతారు, తర్వాత అదే ఆవిరితో రసం కాస్తారు. మరి బొగ్గూ ఊకా రెండూ దండిగా ఉన్నచోట ఈ పద్ధతి ఎంతవరకు వచ్చింది? పాత వరంగల్ విడిపోయి 2016 అక్టోబరు 11న కొత్తగా ఏర్పడిన జిల్లాల్లో మహబూబాబాద్, జనగామ, భూపాలపల్లి ఈ ప్రశ్నకు సరిగ్గా సరిపోతాయనిపించింది.

ముందు డోర్నకల్‌లో దిగాను. మహబూబాబాద్ జిల్లాలోని ఈ జంక్షన్‌కి బొగ్గుతో పాత చుట్టరికం. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గు కనిపెట్టాడు. ఆ బొగ్గు కోసం ఇక్కణ్నుంచి చీలిన రైలుదారి ఇప్పుడు మణుగూరు దాకా పోతుంది. స్టేషన్ బయట చాయ్ బండి దగ్గర రైల్వేలో పనిచేసి రిటైరైన పెద్దాయన కలిశారు. ఆవిరింజన్ల రోజుల్లో ఆయన ఫైర్‌మన్. చలికి నేను శాలువా బిగించుకుంటుంటే నవ్వారు.

“స్టీమింజను మీద చలెక్కడిది బిడ్డా! ముందట పొయ్యి మండుతుండె. చాయ్‌కి వేడినీళ్లు గూడ ఇంజన్ల నుంచే పట్టుకుంటుంటిమి.”

ఆ ముక్క నాకు భలే నచ్చింది. ఆవిరింజనులో కాల్చిన బొగ్గులో నూటికి పది పాళ్లు కూడా చక్రాలకు చేరేవి కావు. మిగిలిందంతా పొగగొట్టంలోంచి, ఆవిరిగా ఆకాశంలోకి. ఆ పోయే వేడిలోంచి గ్లాసెడు చాయ్ నీళ్లయినా తీసుకున్న మనిషి నా ఎదురుగా ఉన్నారు. మణుగూరు లైను చూపించి, దాని చివర భారజల కర్మాగారం ఉందనీ, అక్కడ బొగ్గుతో కరెంటూ ఆవిరీ రెండూ తీస్తారనీ ఆయనే చెప్పారు. నిజమే. అణు రియాక్టర్ల కోసం భారజలం తీసే ఆ కర్మాగారం 1991లో మొదలైంది. మామూలు నీటి నుంచి భారజలాన్ని వేరు చెయ్యడానికి బోలెడు ఆవిరి కావాలి, పంపులకు కరెంటు కావాలి. రెంటికీ సొంత బాయిలర్లే ఆధారం. ఆవిరి అవసరం పక్కనే ఉంది గనక అక్కడ కోజనరేషన్ కుదిరింది. ఈ ‘పక్కనే’ అన్న మాట ఎంత ముఖ్యమో నాకు అప్పటికి తెలియలేదు.

డోర్నకల్‌లో బిషప్ అజరయ్య కాలం నాటి పెద్ద చర్చి చూడకుండా రాకండి. 1939లో ప్రారంభమైంది. గుడి మండపాల పోకడా మసీదు గుమ్మటాల పోకడా రెండూ అందులో కనిపిస్తాయి.

అక్కణ్నుంచి మహబూబాబాద్ ఎంతో దూరం లేదు. ఊళ్లో అందరూ మానుకోట అనే అంటారు, మీరూ అలాగే అడగండి. గుంటూరు నుంచి వచ్చానంటే మిర్చి వ్యాపారం మీద వచ్చాననుకున్నారు. వాళ్ల తప్పేం లేదు. ఇక్కడా కళ్లాల్లో మిరపకాయలే, ఇక్కడా ఘాటుకి తుమ్ములే. మా యార్డులో బస్తాలు కొండలుగా ఉంటాయి గానీ, ఇక్కడ తొలి కోత కాయ పొలం పక్కనే ఎండలో మెరుస్తోంది. దాన్ని ఆరబెట్టడానికి ఎండ చాలు, పైసా ఖర్చు లేదు. వడ్ల సంగతి అలా కాదు. యాసంగి వడ్లు ఎండలు ముదిరాక కోతకొస్తాయి. వాటిని పచ్చిగానే మరపడితే గింజ విరిగి నూక ఎక్కువవుతుంది. ముందే ఉడికించి ఆరబెడితే నూక తగ్గుతుంది. అందుకే తెలంగాణలో ఆ పని చేసే ఉప్పుడు బియ్యం మిల్లులు, వాడుకలో బాయిల్డ్ మిల్లులు, అన్ని ఉన్నాయి. ఆ బియ్యం కేంద్రం కొంటుందా లేదా అన్న గొడవ 2022 ఏప్రిల్‌లో అప్పటి ముఖ్యమంత్రి ఢిల్లీలో ధర్నాకు కూర్చునేదాకా పోయింది. అంత పెద్ద గొడవ వెనక ఉన్న చిన్న గింజ ఎలా ఉడుకుతుందో చూడ్డానికి జనగామ వెళ్లాను.

జనగామ స్టేషన్లో దిగి బాయిల్డ్ మిల్లు ఎటని అడిగితే ఆటో ఆయన “ఏ మిల్లు?” అన్నాడు. ఏదైనా సరేనన్నాను. అటువంటి ప్రయాణికురాలు ఆయనకు ఎప్పుడూ తగల్లేదేమో, కాసేపు ఆలోచించి హైదరాబాద్ రోడ్డు పట్టించాడు. మాటల్లో పడి పెంబర్తి దాకా వెళ్లిపోయాం. దారి తప్పినందుకు సంతోషించాను. ఇత్తడి రేకుల మీద బొమ్మలు తేల్చే పెంబర్తి పనివాళ్లను చూడటం ఆ వంకన కుదిరింది. రేకుని ఎర్రగా కాల్చి మెత్తబరిచి, లక్క మీద పరిచి, చిన్న ఉలితో టకటకా కొడుతూ నెమలి మెడ తేలుస్తున్నాడొకాయన. ఇక్కడా వేడే మొదటి పనిముట్టు. వాళ్లింట్లో పెట్టిన సర్వపిండి వేడివేడిగా తిన్నాను. బియ్యప్పిండిలో నువ్వులూ పల్లీలూ శనగపప్పూ కలిపి, గిన్నె లోపలి గోడకే ఒత్తి కాలుస్తారు. అట్టు అనుకుందామంటే పెనం లేదు, రొట్టె అనుకుందామంటే ఆకారం గిన్నెది.

తిరిగొచ్చి ఒక మిల్లులో అనుమతి అడిగితే లోపలికి రానిచ్చారు. బస్తాలు మోసే హమాలీలు బీహారు నుంచి వచ్చినవాళ్లు. బాయిలర్ చూసుకునే ఆయన మాత్రం ఇక్కడివాడే. బాయిలర్ దగ్గర సర్టిఫికెట్ ఉన్న మనిషి లేకుండా మంట వెయ్యకూడదని చట్టం. ఆయన నన్ను నేరుగా పొయ్యి తలుపు దగ్గరికి తీసుకెళ్లి రెండు అంగుళాలు తెరిచాడు. లోపల ఊక గాల్లోనే అంటుకుంటోంది. పిడికెడు పడీపడకముందే పసుపు మంటయి పైకి లేస్తోంది. నా మొహం కమిలినట్టయింది గానీ అక్కణ్నుంచి కదలబుద్ధి కాలేదు. పక్కన గాజుగొట్టంలో నీటిమట్టం సన్నగా వణుకుతోంది. ఆయన మాట్లాడుతున్నంతసేపూ ఒక కన్ను దాని మీదే ఉంది.

లెక్క చాలా అందంగా ఉంటుంది. టన్ను వడ్లు మరపడితే దాదాపు రెండు వందల కేజీల ఊక వస్తుంది. ఆ ఊక కాల్చి ఆవిరి తీస్తారు. వేడినీళ్లలో గంటల తరబడి నానిన వడ్లకు ఆ ఆవిరి పట్టిస్తారు. తర్వాత ఆ ఆవిరి గొట్టాల మీదుగా గాలి పంపి, వేడెక్కిన గాలితో ఎత్తైన డ్రయ్యర్లలో వడ్లు ఆరబెడతారు. తేమ నూటికి పద్నాలుగు పాళ్లకు వచ్చాకే మర పడుతుంది. అంటే వడ్లను ఉడికించి ఆరబెట్టే వంటచెరకు వడ్ల మీదే ఉంది. మా చిన్నప్పుడు ఇంట్లో ఊకపొయ్యి ఉండేది. మధ్యలో రోకలి నిలబెట్టి చుట్టూ ఊక దట్టించి, రోకలి తీసేస్తే వచ్చిన బొక్కలో మంట పెట్టేవాళ్లు. దాంతో ఇంటిల్లిపాదికీ స్నానం నీళ్లు కాగేవి. ఇక్కడ అదే ఊక టన్నుల లెక్కన కాలుతోంది.

“ఇంత ఆవిరి ఉంది కదన్నా, మరి మోటార్లకు కరెంటు ఎక్కడిది?” అని అడిగాను.

“లైను కరెంటేనక్కా. నెల తిరిగినంక బిల్లు జూస్తే సేటు గుండె జారుతది” అన్నాడు.

నాకు ఆశ్చర్యం తగ్గలేదు. వేడి ఇంట్లోదే, కరెంటు మాత్రం బయటిది. ఆయన గేజీ చూపించాడు. ముల్లు పది దగ్గర ఉంది. చదరపు సెంటీమీటరుకు పది కేజీల ఒత్తిడి. వడ్లు ఉడకడానికి ఇది చాలు, టర్బైన్ లాభసాటిగా తిప్పడానికి చాలదు. అంతకు మూడు నాలుగింతల ఒత్తిడి మీద ఆవిరి తీసి, ముందు చిన్న టర్బైన్ తిప్పి, ఒత్తిడి తగ్గి బయటికొచ్చిన అదే ఆవిరిని వడ్లకు మళ్లిస్తే రెండు పనులూ అవుతాయి. దేశంలో కొన్ని పెద్ద మిల్లులు అలా చేస్తున్నాయి. ఆవిరిలోని వేడిలో టర్బైన్ తీసుకునేది కొంచెమే, గింజకు కావలసిన వేడి అలాగే మిగులుతుంది. అయితే మంచి బాయిలర్ కావాలి, శుద్ధమైన నీళ్లు కావాలి, ఏడాదిలో ఎక్కువ రోజులు మిల్లు నడవాలి.

బయటికొచ్చేటప్పుడు బూడిద గుట్ట దగ్గర ఆగాను. కాలిన ఊక ఆకారం చెడకుండా, చిన్నచిన్న పడవల్లా అరచేతిలో నిలిచింది. వేళ్లతో నలిపితే గరగరలాడింది. ఊక బరువులో అయిదో వంతు బూడిదే మిగులుతుంది, ఆ బూడిదలో ఎక్కువ భాగం సిలికా. గాలి వీస్తే చుట్టుపక్కల ఇళ్లవాళ్ల కళ్లలో పడేది ఇదే. మంటని మెచ్చుకునేటప్పుడు ఆ కళ్లను మరిచిపోకూడదు.

ఊక మంట చూశాను, ఇక బొగ్గు మంట చూద్దామని భూపాలపల్లికి హనుమకొండలో తెల్లవారుజామున బస్సెక్కాను. చలికి డ్రైవరు పక్కన ఇంజను బానెట్ చుట్టూ జనం మూగారు. ఒక ముసలమ్మ దాని మీద రెండు చేతులూ ఆనించి పరకాల దాకా తీయలేదు. డీజిల్ బండిలో ఇంధనం శక్తిలో చక్రాలకు చేరేది సుమారు మూడో వంతు. మిగతాది రేడియేటర్ నుంచీ పొగగొట్టం నుంచీ పోతుంది. చలి దేశాల కార్లలో లోపలి హీటరు వాడేది ఈ పోయే వేడినే. అందుకే బ్యాటరీ కార్లకు చలికాలంలో కష్టం. వాటిలో ఊరికే దొరికే వేడి తక్కువ గనక హీటరు వేస్తే మైలేజీ తగ్గుతుంది. ముసలమ్మ చేతుల కింద ఉన్నది ఆ సూత్రమే.

చెల్పూరు ఇంకా రాకముందే కాకతీయ థర్మల్ కేంద్రం కూలింగ్ టవర్ కనిపించింది. మా వైపు రైల్లో పోతూ ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ ఎన్నోసార్లు చూశాను గానీ, అడవీ వరిపొలాలూ కలిసిన చోట ఇంత కట్టడం చూడటం వేరు. నడుము దగ్గర సన్నబడి పైన మళ్లీ విచ్చుకున్న కాంక్రీటు గోపురం, దాని మీద తెల్లగా ఆవిరి. దగ్గరే కదా అని దిగి నడిచాను. ఎంత నడిచినా అది అంతే దూరంలో ఉంది. దారి ఒకసారి పొలాల్లోకి, ఒకసారి వాడలోకి తిరిగింది. చివరికి గొర్రెలు కాసే కుర్రాడు “గేటు గిటు గాదక్కా” అని వెనక్కి మళ్లించాడు.

ఇక్కడ మొదటి 500 మెగావాట్ల యూనిట్ 2010లో, రెండోది 600 మెగావాట్లది 2016లో వచ్చాయి. బొగ్గు సింగరేణిది, నీళ్లు గోదావరివి. అనుమతి లేకుండా లోపలికి పోనివ్వరు. గేటు బయట హోటల్లో కలిసిన ఇంజనీరు గారు ఓపికగా చెప్పారు. టవర్ మీద కనిపించేది పొగ కాదు, నీటి ఆవిరి. టర్బైన్ తిప్పి అలసిన ఆవిరిని చల్లబరిచి మళ్లీ నీళ్లు చెయ్యాలి. ఆ వేడినంతా టవర్ ఆకాశానికి వదిలేస్తుంది. బొగ్గులోని శక్తిలో కరెంటయ్యేది మూడో వంతు కంటే కాస్త ఎక్కువ. అంటే తీగల మీద 1100 మెగావాట్లు పోతున్నప్పుడు, అంతకు మించిన వేడి ఇక్కడే గాల్లో కలుస్తోంది.

“జనగామ మిల్లులకు ఆ వేడి పంపలేమా?” అని అడిగేశాను.

“టవర్‌కి పోయే నీళ్ల వేడి నలభై డిగ్రీల పైన కొంచెం, అంతే. దాంతో వడ్లు ఉడకవు. కాస్త ముందే టర్బైన్ మధ్యలోంచి ఆవిరి తీసుకోవచ్చు, కరెంటు కొంత తగ్గినా మొత్తం మీద ఇంధనం బాగా కలిసొస్తుంది. కానీ కరెంటు ఎంత దూరమైనా పోతుందమ్మా, వేడి పోలేదు. వాడుకునేవాళ్లు పక్కనే ఉండాలి” అన్నారు.

డోర్నకల్‌లో విన్న మణుగూరు సంగతి అప్పుడు పూర్తిగా అర్థమైంది. ఎడిసన్ 1882లో న్యూయార్క్ పెర్ల్ స్ట్రీట్‌లో పెట్టిన కరెంటు కేంద్రం చుట్టుపక్కల భవనాలకు ఆవిరి కూడా ఇవ్వగలిగిందంటే, అది నడివీధిలో ఉండబట్టే. డెన్మార్క్‌లో దాదాపు మూడింట రెండు వంతుల ఇళ్లకు వేడి గొట్టాల్లో వస్తుంది. అక్కడ చలి ఎక్కువ, కేంద్రాలు ఊళ్లను ఆనుకునే ఉంటాయి. మనకు గది వెచ్చబరిచే అవసరం ఏడాదిలో కొన్నాళ్లే. వేడితో చల్లదనం తీసే యంత్రాలు ఉన్నాయి గనక పెద్ద ఆసుపత్రులకూ కార్యాలయాలకూ ఆ దారి తెరిచే ఉంది. కానీ పగలూ రాత్రీ వేడి అడిగేవి మన దగ్గర మిల్లులే.

ఆ మధ్యాహ్నం భూపాలపల్లిలో, షిఫ్టు దిగిన గని కార్మికుల మధ్య కూర్చుని జొన్నరొట్టె, నాటుకోడి కూర తిన్నాను. గుంటూరు నాలుకకు కూడా కారం తగిలింది. బొగ్గు తవ్వే చేతులు పక్కన ఉన్నప్పుడు, ఆ బొగ్గులో సగానికి పైగా గాలిపాలవుతోందన్న లెక్క మనసుకి ఇంకా బరువుగా తోచింది.

మీరు వెళ్తే చలికాలంలో వెళ్లండి, టవర్ మీద ఆవిరి అప్పుడే బాగా కనిపిస్తుంది. గణపురం కోటగుళ్లు దగ్గరే, వాటినీ చూడండి. మిల్లులోకి నూలుబట్టలతో, చెప్పులు కాకుండా బూట్లతో వెళ్లండి. కొత్తగా బాయిల్డ్ మిల్లు పెట్టేవాళ్లెవరైనా మీకు తెలిసుంటే ఒక్క మాట చెప్పండి. బాయిలర్ కొనకముందే టర్బైన్ గురించి విచారించమనండి. పది కేజీల బాయిలర్ ఒకసారి బిగించాక దాని ఒత్తిడి పెంచడం కుదరదు, ఆ బాయిలర్ ఉన్నన్నాళ్లూ కరెంటు బయట కొనాల్సిందే.